షిఫ్ట్ ఫ్యాక్టర్ సున్నా ఉండాలా, నూరు ఉండాలా?

ప్లానర్:
మా మందుల కర్మాగారంలో యంత్రాల నిర్వహణకు శాప్ ప్లాంట్ మెయింటెనెన్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాము. చల్లబరిచే యంత్రాలైన చిల్లర్లకు 90 రోజులకొక సర్వీసు. కాల్ హొరైజన్ (గడువులో ఎంత శాతం గడిచాక వర్క్ ఆర్డర్ పుట్టాలో చెప్పే విలువ) 80 శాతం కనుక 72వ రోజున వర్క్ ఆర్డర్ తయారవుతుంది, విడిభాగాలు తెప్పించుకోవడానికి 18 రోజులు మిగులుతాయి. ఇంతవరకు పేచీ లేదు. సర్వీసు 20 రోజులు ఆలస్యమైతే తరువాతి తేదీని ఎక్కడి నుంచి లెక్కించాలన్నదే వివాదం. ఆలస్యంలో ఎంత శాతం తరువాతి తేదీకి కలపాలో చెప్పే షిఫ్ట్ ఫ్యాక్టర్ ప్రస్తుతం నూరు శాతం ఉంది. అంటే తరువాతి సర్వీసు కూడా 20 రోజులు వాయిదా పడుతుంది. ప్రతిసారీ ఇదే జరిగితే 90 రోజుల చక్రం 110 రోజులై, ఏడాదికి నాలుగు జరగవలసిన సర్వీసులు మూడే జరుగుతాయి. ప్రతి ఆలస్యమూ కొత్త తేదీలో కలిసిపోతుంది కనుక, తప్పిన ఆ నాలుగోది ఏ నివేదికలోనూ కనిపించదు. అందుకే దానిని సున్నా చేయాలంటున్నాను.

ఫీల్డ్ ఇంజనీర్:
ప్లానర్ గారూ, సున్నా చేస్తే ఆలస్యంగా సర్వీసు చేసిన యంత్రాన్ని 70 రోజులకే మళ్లీ విప్పవలసి వస్తుంది. ఫిల్టరు మార్చిన రోజు నుంచే దాని అరుగుదల మొదలవుతుంది తప్ప, మనం ప్లాన్‌లో రాసుకున్న తేదీ నుంచి కాదు. సామాను వృథా, మనుషుల పని గంటలూ వృథా. నూరు శాతమే సబబు.

కన్సల్టెంట్:
అన్ని యంత్రాలకూ ఒకే విలువ పెట్టడం వద్దని నా అభిప్రాయం. బాయిలర్ ధృవపత్రం గడువు మన ఆలస్యాన్ని బట్టి మారదు కనుక అక్కడ సున్నా తప్పనిసరి. నడిచిన గంటలను బట్టి అరిగే జనరేటరుకు తేదీల లెక్క మాని, కౌంటర్ రీడింగుతో నడిచే ప్లాన్ వేయాలి. అంతకంటే ముందు టెకో (పని పూర్తయిందని సాఫ్ట్‌వేర్‌లో ఆర్డరును మూయడం) ఎవరు, ఎప్పుడు చేస్తున్నారో చూడండి. నేను పనిచేసిన ఒకచోట పని సోమవారం ముగిసినా, వారాంతంలో గుమాస్తా రిఫరెన్స్ తేదీ (పని నిజంగా ముగిసిందని నమోదు చేసే తేదీ) సరిచూడకుండా ఆర్డర్లన్నీ ఒకేసారి మూసేవారు. షిఫ్ట్ ఫ్యాక్టర్ నూరు కావడంతో ఆ కాగితాల జాప్యమంతా యంత్రం మీద పడేది. కంప్లీషన్ రిక్వైర్‌మెంట్ గుర్తు పెట్టి ఉంటే ఇంకా ప్రమాదం: పాత ఆర్డరు మూసేదాకా కొత్తది పుట్టనే పుట్టదు.

ప్లానర్:
టెకో మాట నిజం. నేను దానిని చూడలేదు. అయితే మా చిల్లర్లు రేయింబవళ్లు నడుస్తాయి కనుక గంటల లెక్కకు మారినా పెద్ద తేడా రాదు. మధ్యేమార్గంగా 50 శాతం పెట్టమని మా వాళ్లే కొందరు అంటున్నారు. అప్పుడు 20 రోజుల ఆలస్యానికి 10 రోజులే వాయిదా పడుతుంది కానీ, ఆ తేదీ యంత్రం అవసరాన్నీ చెప్పదు, మన ఆలస్యాన్నీ చూపదు. దానికి నేను ఒప్పుకోను. గత ఏడాది ఆర్డర్ల ముగింపు తేదీలను లాగ్ పుస్తకంతో పోల్చి చూస్తాను. ఆలస్యం గుమాస్తా బల్ల దగ్గరే అని తేలితే, ఇంజనీర్ గారి నూరు శాతాన్ని ముట్టుకోను.