భర్త పదేండ్లకు పైగా పెద్దవాడైతే భార్యకు సుఖమా, నష్టమా?

హన్మకొండ వదిన:
మా ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నాం. వయసు 25. కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెప్తోంది. కరీంనగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి ప్రభుత్వ ఉద్యోగం, సొంతిల్లు ఉన్నాయి, చెడు అలవాట్లు లేవు. వయసు 36. ఇంట్లో పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట: "పెద్దోడైతే పిల్లను మంచిగ చూసుకుంటడు." మా అత్తమ్మకు, మామకు మధ్య కూడా దాదాపు అంతే తేడా. అత్తమ్మ ఏనాడూ ఒక్క మాట పైకి అనలేదు కాబట్టి అది సుఖమైన కాపురమని అందరూ లెక్కేసుకున్నారు.

నేను ఒప్పుకోను. పదేండ్లు దాటిన తేడా ఆడపిల్లకు నష్టమే. అది పెండ్లయిన కొత్తలో తెలియదు, ఆమెకు యాభై దాటాక తెలుస్తుంది. అబ్బాయి మంచివాడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, మంచివాడే. తేడా గురించే అడుగుతున్నాను. మీరు చూసింది, చదివింది రాయండి.

పరకాల అన్న:
వదినా, అంత భయపడాల్సిన పని లేదు. మా బాపు అవ్వకంటే పన్నెండేండ్లు పెద్ద. ఇప్పటికీ బాపు తినకుండా అవ్వ ముద్ద ముట్టదు. ఇంట్లో గొడవ అన్నది మేం చూడలేదు. ఈడుజోడు కుదిరిందని, ఒకే వయసని చేసుకున్న వాళ్లు రెండేండ్లకే ఫ్యామిలీ కోర్టు మెట్లు ఎక్కుతున్నారు. ఇద్దరికీ ఒకటే ఆవేశం, ఒకరూ తగ్గరు. పెద్దవాడైతే ఓర్పు ఉంటుంది, చేతిలో డబ్బూ ఉంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు ఆ రెండే కదా కావాల్సింది.

లెక్కల టీచర్, వరంగల్:
దీని మీద మంచి అధ్యయనం ఒకటుంది. ఆస్ట్రేలియాలో హిల్డా అనే సర్వే అవే కుటుంబాలను ఏటా మళ్లీ కలిసి ప్రశ్నలడుగుతుంది. వాంగ్ షెంగ్ లీ, టెర్రా మెకినిష్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అందులో 13 ఏండ్ల సమాచారాన్ని చూసి 2018లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. భార్య తమకంటే చిన్నదైన మగవాళ్లు కొత్తలో ఎక్కువ సంతృప్తి చెప్పారు. ఆడవాళ్ల సంగతీ అంతే: భర్త చిన్నవాడైతే సంతృప్తి ఎక్కువ, పెద్దవాడైతే తక్కువ. చిన్న వయసు తోడు దొరికినవాళ్లకు కొత్తలో ఉన్న ఆ అదనపు సంతృప్తి ఆరు నుంచి పదేండ్లలో కరిగిపోయింది. ఇంకో సంగతి, నాకు ఇదే ముఖ్యంగా తోచింది: డబ్బు దెబ్బ తగిలినప్పుడు, వయసు తేడా ఉన్న జంటల్లో సంతృప్తి ఈడుజోడు జంటల కంటే బాగా పడిపోయింది. అంటే "పెద్దవాడైతే కష్టకాలంలో ఆదుకుంటాడు" అన్న నమ్మకానికి అక్కడి లెక్క ఎదురు తిరిగింది.

అయితే దాన్ని తెచ్చి మన మీద అలాగే పరచకూడదు. మన దేశంలో భార్యాభర్తల మధ్య సగటు తేడా ఐదేండ్ల దాకా ఉంటుంది. చాలా ఇండ్లలో వరుణ్ని ఎంచేది పెద్దవాళ్లే. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామని చెప్పిన ఆడవాళ్లు 5 శాతం మాత్రమే. అక్కడ పదేండ్ల తేడా ఆ జంట తమ ఇష్టంతో ఎంచుకున్నది. ఇక్కడ అది నిన్నమొన్నటి దాకా ఆనవాయితీ. మేనరికాల్లో, ముఖ్యంగా మేనమామకు ఇచ్చినప్పుడు, తేడా ఎంతన్నది ఎవరూ అడిగేవాళ్లే కాదు.

ఇక వదిన చెప్పిన "అత్తమ్మ ఏనాడూ ఒక్క మాట పైకి అనలేదు" అన్న సంగతి. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1944లో కలకత్తా దగ్గర సింగూరులో జరిగిన ఒక ఆరోగ్య సర్వేను ఆర్థికవేత్త అమర్త్య సేన్ తన రచనల్లో ప్రస్తావించారు. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పింది 2.5 శాతం మందే. ఆ ఆడవాళ్లు నిజంగా అంత ఆరోగ్యంగా ఉన్నారని ఎవరైనా నమ్ముతారా? తనకంటూ ఏదో రావాలని ఎన్నడూ అనుకోని మనిషి, కొరత ఉందని ఎట్లా చెప్తుంది? సంతృప్తి గురించి నోటితో అడిగే ప్రతి సర్వేకూ మన దగ్గర ఈ ఇబ్బంది ఉంది.

కేయూ విద్యార్థిని, ములుగు:
పరకాల అన్నా, బాపు తినకుండా అవ్వ తినదన్నారు. అవ్వకు ఆకలైనప్పుడు ముందే తినే వీలు ఆ ఇంట్లో ఉందా? ఉండి కూడా ఆగుతోందంటే అది ప్రేమ. వీలే లేకపోతే దాన్ని సంతోషం కింద రాయకండి. మీ అవ్వను తక్కువ చేయడానికి అడగడం లేదు. మా నాయనమ్మ కూడా అంతే. ఆమెను ఎవరూ ఏదీ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

వదినా, మీ ఆడబిడ్డ ఏమంటోంది?

హన్మకొండ వదిన:
అడిగాను. పీహెచ్‌డీ చేయాలని ఉందంది. ఇప్పుడు చేరినా పూర్తయ్యేసరికి ఆమెకు ముప్పై దాటుతుంది, అతనికి నలభై రెండు వస్తుంది. అబ్బాయి వాళ్ల అమ్మకు ఇప్పటికే ఆరోగ్యం అంతంతమాత్రం. పెండ్లి కాగానే పిల్లలు కావాలని మొదటి మాటల్లోనే చెప్పేశారు. వాళ్ల తొందర కూడా అర్థం చేసుకోగలను, 36 ఏండ్ల కొడుకున్న తల్లి ఆగమంటే ఎట్లా ఆగుతుంది? అదే 28 ఏండ్ల అబ్బాయైతే "రెండేండ్లు ఆగుదాం" అనే మాటకు చోటు ఉంటుంది. ఇక్కడ లేదు. అతను చెడ్డవాడు కాకపోయినా ఆమె చదువు ఆగిపోతుంది. తేడా అనేది మొదటి రోజు నుంచే పని చేస్తుందని నేను అంటున్నది ఇందుకే. బయటికి కనిపించడానికి మాత్రం ఇరవై ఏండ్లు పడుతుంది.

జగిత్యాల చెల్లె:
మా దగ్గర అసలు లెక్క వేరు. నాకూ నా భర్తకూ నాలుగేండ్లే తేడా. కానీ ఆయన దుబాయ్‌లో, నేను ఇక్కడ. పెండ్లయినప్పటి నుంచి కలిసి ఉన్న కాలం అంతా కూడినా చాలా తక్కువ. మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లను అడగండి, మొగుడి వయసు గురించి ఎవరూ బాధపడరు. గల్ఫ్ నుంచి వచ్చే పైసలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి, అత్త చేతికా, తన చేతికా? ఎవరి గొంతు ఎట్లుంటుందో దాన్ని బట్టే తెలిసిపోతుంది. వయసు గురించి ఇంత చర్చ చేస్తుంటే ఈ మాట మరుగున పడుతుందని నాకు అనిపిస్తోంది.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కాజీపేట:
చెల్లె చెప్పింది నిజమే. కానీ వదిన యాభై ఏండ్ల మాట ఎత్తింది, దాని గురించి నేను చెప్పాలి. నా సర్వీసంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గడిచింది. పక్షవాతం వచ్చిన మగ పేషెంటు పక్కన స్టూలు మీద కూర్చునేది నూటికి తొంభై భార్యే. ఆయనకు అరవై ఆరు, ఈమెకు యాభై రెండు. పక్కకు తిప్పాలి, యూరిన్ బ్యాగు మార్చాలి, ముక్కు గొట్టంలోంచి జావ పోయాలి. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి భంగిమ మార్చాలని మేం చెప్తాం. రాత్రి ఎవరు మారుస్తారు? ఆమే. చేసే చిన్న ఉద్యోగం మానేస్తుంది. తన మోకాళ్ల నొప్పి చూపించుకోదు. అప్పటికి పిల్ల పెండ్లి కాలేదు, కొడుకు చదువు అయిపోలేదు. ఈడుజోడు జంటలకూ జబ్బులు వస్తాయి. కానీ అప్పటికి పిల్లలు చేతికి అంది ఉంటారు. పెద్ద తేడా ఉన్న ఇంట్లో భర్త మంచాన పడటం, పిల్లలు ఎదగడం ఒకేసారి జరుగుతాయి. ఆ మధ్యలో నలిగేది ఒక్క మనిషే. "పెద్దోడైతే మంచిగ చూసుకుంటడు" అంటారు కదా, ఎవరు ఎవరిని ఎన్నేండ్లు చూసుకున్నారో నేను కండ్లారా చూశాను.

ఆ తర్వాత ఒంటరితనం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో భర్త పోయిన ఆడవాళ్లు నాలుగు కోట్లకు పైగా ఉన్నారు. భార్య పోయిన మగవాళ్లు కోటి చిల్లర.

లెక్కల టీచర్, వరంగల్:
సిస్టర్ చెప్పిన అంకెల్లో ఇంకో కారణం కూడా కలిసి ఉంది, మగవాళ్లు మళ్లీ పెండ్లి చేసుకుంటారు, ఆడవాళ్లలో అది తక్కువ. అయినా దిశ అదే. 2016-20 అంచనా ప్రకారం మన దేశంలో సగటు ఆయుర్దాయం మగవాళ్లకు 68.6, ఆడవాళ్లకు 71.4. ఇవి పుట్టినప్పటి అంచనాలు, పెద్దవాళ్లకు నేరుగా పనికిరావు, కానీ ఆడవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారన్నది పెద్ద వయసులోనూ నిజమే. దానికి పదకొండేండ్ల తేడా కలిపితే, భర్త లేని కాలం పదేండ్లు దాటేలా మనమే ముందుగా ఖాయం చేసినట్టు. డెన్మార్క్ జనాభా రికార్డులతో స్వెన్ డ్రెఫాల్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, భర్త పెద్దవాడైనా చిన్నవాడైనా ఆడవాళ్ల ఆయుష్షు తగ్గిందని, ఒకే ఈడు వాళ్లకే మేలుగా ఉందని తేలింది.

పరకాల అన్న:
అందరూ కలిసి మగవాడినే దోషిని చేస్తే ఎట్లా? మా పిల్లలు ముప్పై అయిదు దాకా కావాలని ఆగుతున్నారా? తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది. పేపర్ లీకై ప్రిలిమ్స్ రద్దయింది, మళ్లీ పెడితే 2023లో హైకోర్టు రద్దు చేసింది, 2024లో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. హన్మకొండ కోచింగ్ సెంటర్ల దగ్గర రూములు తీసుకుని చదివిన పిల్లలకు వయసు అక్కడే అయిపోయింది. ఉద్యోగం లేకపోతే పిల్లనివ్వరు. ఉద్యోగం వచ్చేసరికి వయసెక్కువ అంటారు. 28 ఏండ్లకే ఉద్యోగం, ఇల్లు రెండూ ఉండాలని అడిగేది ఆడపిల్ల తల్లిదండ్రులే కదా? ముందు అది మానండి, తేడా దానంతటదే తగ్గుతుంది.

హన్మకొండ వదిన:
అన్నా, ఆ మాట న్యాయం. ఆడపిల్లకూ ఉద్యోగం ఉంటే, సొంతిల్లు ఉన్న అబ్బాయే కావాలని తల్లిదండ్రులు పట్టుబట్టాల్సిన పని లేదు. మా ఇంట్లో నేను చెప్తున్నదీ అదే. కానీ నోటిఫికేషన్లు ఆలస్యమైనందుకు మూల్యం మా ఆడబిడ్డ ఎందుకు కట్టాలి?

కేయూ విద్యార్థిని, ములుగు:
ఒకవేళ అమ్మాయే ఇష్టపడి, తెలిసే అంత తేడాతో చేసుకుంటే? అలాంటి సీనియర్ ఒకరు నాకు తెలుసు, సంతోషంగానే ఉంది. వాళ్లు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కాజీపేట:
ఇష్టపడి చేసుకుంటే ఎవరూ కాదనకూడదు. డబ్బు సంగతి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగమనగానే పెన్షన్ అనుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వంలో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్ కిందికి, అంటే ఉద్యోగి, ప్రభుత్వం నెలనెలా కొంత జమ చేసే పథకం కిందికి వస్తారు, పాత పెన్షన్ వాళ్లకు లేదు. రిటైరయ్యే రోజు ఆ డబ్బులో కొంత పెట్టి నెలనెలా వచ్చేలా యాన్యుటీ కొంటారు. భర్త పోయాక అది భార్యకు వస్తుందా, ఆగిపోతుందా అన్నది ఆ రోజు ఎంచుకున్న రకాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ సంతకం పెట్టేటప్పుడు భార్య పక్కన ఉండాలి. ఏ ఏర్పాటూ లేని ఇంట్లో మిగిలేది ఆసరా వితంతు పెన్షన్ కింద వచ్చే 2016 రూపాయలే. అందులో మందులు కూడా రావు.

లెక్కల టీచర్, వరంగల్:
ఇంకో రెండు. భర్త తన పేరున జీవిత బీమా తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్య పేరున రాయించవచ్చు. ఆ డబ్బు మీద అప్పులవాళ్లకు గానీ మిగతా వారసులకు గానీ హక్కు ఉండదు. పాలసీ తీసుకున్న తర్వాత ఈ ఏర్పాటు కలపడం కుదరదు. ఇల్లు ఇద్దరి పేరునా ఉండాలి. హిందూ కుటుంబంలో వీలునామా లేకుండా భర్త పోతే ఆయన స్వార్జితంలో భార్యకు, ప్రతి బిడ్డకు, ఆయన తల్లికి సమాన వాటాలు వస్తాయి. ముగ్గురు పిల్లలు, అత్త ఉన్న ఇంట్లో ఆమెకు వచ్చేది అయిదో వంతు.