థియేటర్ వాళ్లు పసుపు వద్దంటున్నారు, ఒగ్గు కథ సంగతి ఈ రాత్రికే తేల్చాలి

(గ్రూపులో మాటలు. పేర్లకు బదులు ఎవరి ఊరి పేరు వాళ్లకు.)

కాజీపేట: పనుల లిస్టు తర్వాత, ముందు ఇది చూడండి. థియేటర్ మేనేజర్ మెయిల్ పెట్టింది. మనం పంపిన వీడియోలో పట్నం వేయడం, అదే పసుపు, కుంకుమ, పిండితో నేల మీద పెద్ద ముగ్గు వేయడం చూసి భయపడ్డట్టుంది. పాత హాలును బాగుచేయించి ఈమధ్యే స్టేజీ చెక్కకు పాలిష్ పెట్టించారట. దాని మీద పసుపు, కుంకుమ, పిండి, ఏ పొడీ పడొద్దట. రేపు పొద్దున తొమ్మిదిలోగా ఒప్పుకుంటూ రాసివ్వకపోతే బుకింగ్ క్యాన్సిల్.

జగిత్యాల: పట్నం లేకుండా మల్లన్న కథా? అసలు అగ్రిమెంటు ఎవరు చదివారు?

కాజీపేట: నేనే. మంట గురించి ఉంది, పొడి గురించి ఒక్క ముక్క లేదు. అడ్వాన్సు నా కార్డు మీద కట్టినప్పుడు నీకీ అనుమానం రాలేదేం?

సుబేదారి: ఇద్దరూ ఆగండి. మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006లో విప్పితే మళ్లీ తెరిచేసరికి 2024 వచ్చింది. ఇప్పుడక్కడ ఎవరన్నా రంగు చల్లితే ఊరుకుంటామా? పసుపు చెక్కలోకి దిగితే పోదు.

జగిత్యాల: గుడి వేరు వదినా. పైసలు తీసుకుని అద్దెకిచ్చే హాలు వేరు.

కాజీపేట: అయితే వేరే హాలు నువ్వే చూడు తమ్మీ. స్కూలు జిమ్ములో పెడదాం, డోలు మోగితే కథ ఒక్కరికీ వినపడదు.

హన్మకొండ: నేనింకా ఊళ్లోనే ఉన్నా, ఇక్కడ తెల్లారుతోంది. బృందం పెద్దాయనకు ఫోన్ చేశా. ఆయనకేం టెన్షన్ లేదు. ఒగ్గు అనే చిన్న డమరుకం, డోలు, తాళాలుంటే కథ నడుస్తుందట, స్టేజీల మీద పట్నం లేకుండా చాలాసార్లు చెప్పారట. నుదుటికి బండారి, అంటే మల్లన్న పసుపు, మాత్రం ఉండాల్సిందే. కావాలంటే పట్నం బయట వేసి, అక్కడే మల్లన్నకు మొక్కి, డోలు కొట్టుకుంటూ లోపలికొస్తామన్నాడు.

సుబేదారి: హాలు వెనక బండలు పరిచిన వాకిలుంది కదా, సామాన్లు దించే చోటు. అడగండి.

జగిత్యాల: వానొస్తే పట్నం కొట్టుకుపోతుంది. బర్త్‌డేలకు వేసే టెంట్ నా దగ్గరుంది, తెస్తా. మెయిల్ నువ్వే రాయి అన్నా, నువ్వు రాస్తేనే వింటారు.

కాజీపేట: రాశా, ఒప్పుకున్నారు. కానీ ఐదున్నర దాకా అక్కడ వ్యాన్లుంటాయట. మన కథ ఆరింటికి. అరగంటలో అవుతుందా?

హన్మకొండ: పెద్ద పట్నం కాదు. చిన్నది వేయమంటా. ఇంకోటి, తలుపు దగ్గర తడి టవళ్లు పరవండి, లేకుంటే వాళ్ల కాళ్ల వెంట పసుపంతా ఆ స్టేజీకే చేరుతుంది.

సుబేదారి: టవళ్లు నేను తెస్తా, ఆ తలుపు దగ్గరే నిలబడతా. టికెట్లు వేరే ఎవరన్నా చూసుకోండి.

కాజీపేట: టికెట్ల దగ్గర మా పెద్దోణ్ణి కూర్చోబెడతా. సకినాలు ఎవరు చేస్తున్నారో మాత్రం నన్నడగొద్దు.