పాస్‌పోర్టు మేడం దగ్గరే ఉంది, ఏం చేయాలి?

కొత్తగా వచ్చిన చెల్లి, సాల్మియా:
ఇంటిపనికి కువైట్ వచ్చి రెండో నెల. దిగిన రోజే మేడం పాస్‌పోర్టు తీసేసుకుంది. జీతం అడిగితే "బుక్రా, బుక్రా" (రేపు, రేపు) అంటోంది. మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిచాకిరీ నిషేధమని ఊళ్లో మా తమ్ముడు చెప్పాడు. అది ఇక్కడ చెల్లుతుందా?

రాజోలు అక్క, హవల్లి:
చట్టం సంగతి తర్వాత చూద్దాం చెల్లీ. ముందు సివిల్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు), వీసా, కాంట్రాక్టు ఫోటోలు తీసి ఇంటికి పంపు. అరబీ కాగితం దేనిమీదా సంతకం పెట్టకు. నా మొదటి ఇంట్లో రాత్రి ఒంటిగంటదాకా దివానియాకి (మగవాళ్లు కూర్చుని కబుర్లాడే గది) టీలు మొయ్యడం, తెల్లారి ఐదింటికి పిల్లల్ని బడికి తయారుచెయ్యడం. జీతం అడిగితే ఫోను లాక్కున్నారు. ఎలాగో ఎంబసీకి చేరాను. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) వచ్చి, జీతం ముట్టిందని నా వేలిముద్ర ఉన్న కాగితం చూపించాడు! అకామా (ఇక్కడ ఉండటానికి అనుమతి) కోసమని చెప్పి వేయించుకున్నదే అది. టికెట్టు ఇచ్చారు, జీతం మాత్రం పోయింది.

రాయచోటి అన్న, ఫర్వానియా:
23 ఇక్కడ చెల్లదమ్మా. కానీ వీళ్ల రాజ్యాంగంలో 42వ అధికరణం కూడా బలవంతపు చాకిరీ కూడదనే అంటుంది. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకి 12 గంటలు దాటి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, నువ్వు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు ఉంచుకోకూడదు. ఒప్పుకున్నట్టు రాయించుకుంటారు, అక్క చెప్పింది అందుకే.

కడప తమ్ముడు, మహబూలా:
అన్నా, 23ని అలా తీసేయొద్దు. 1982లో ఆసియాడ్ కూలీల కేసులో (ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసినవాళ్లది), కనీస కూలి కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు చెప్పింది. పంపిన ఏజెంటు మన ఊళ్లోనే ఉన్నాడు కదా? వాడికి లైసెన్సు లేకపోతే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు పెట్టొచ్చు.

రాయచోటి అన్న:
పెట్టండి, ఎవరొద్దన్నారు? అది తేలేలోపు ఈ పిల్లకి ఇక్కడ జీతం ఎవరిప్పిస్తారు? ఆ ఫిర్యాదు ఇక్కడి డొమెస్టిక్ లేబర్ ఆఫీసులోనే ఇవ్వాలి.

కడప తమ్ముడు:
ఏజెంట్లని వదిలేస్తుంటే వెనకాల ఇంకో పదిమంది ఆడవాళ్లు దిగుతారన్నా. నా బాధ అది.

రాజోలు అక్క:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. చెల్లీ, ఖల్లివల్లి అయిపొమ్మని, అంటే చెప్పకుండా ఇల్లు వదిలి దొంగచాటుగా వేరేచోట పనిచేసుకొమ్మని, ఎవరన్నా వినకు. వేరే ఇంట్లో చేరావంటే పారిపోయిందని కేసు పెడతారు. గడప దాటితే నేరుగా మన ఎంబసీకే వెళ్లు, అక్కడ షెల్టర్ ఉంది. ఏజెంటుకి కట్టిన డబ్బుల రసీదు మీ తమ్ముణ్ణి వెతకమను. ఇంతకీ నీది 20వ నంబరు వీసాయేనా (ఇంటిపనివాళ్లకిచ్చేది)? కాంట్రాక్టులో జీతం ఎంత రాశారు?