కిడ్నాప్ కథలో బేరం సీన్ చప్పగా వస్తోంది, ఏం చెయ్యాలి?

మారతహళ్ళి_కుర్రాడు:
అందరికీ నమస్తే. బెంగళూరులో జాబ్ చేస్తూ రాత్రిళ్ళు ఒక సస్పెన్స్ థ్రిల్లర్ రాస్తున్నా. సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్‌లోంచి ఒక అమ్మాయిని ఎత్తుకెళ్తారు, అక్కడిదాకా పరిగెత్తింది గానీ ఫోన్‌లో బేరం మొదలయ్యేసరికి నడక ఆగిపోయింది. వాడు కోటి అంటాడు, పోలీసాయన టైమ్ అడుగుతాడు, వాడు బెదిరిస్తాడు, మళ్ళీ అదే. నాలుగు చాప్టర్లు ఇలాగే. నిజంగా జరిగినప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_మల్లేశ్వరం:
బాబూ, నువ్వున్న ఊరే ఆ కథ చూసింది. 2000 జూలై 30 రాత్రి కన్నడ హీరో రాజ్‌కుమార్ గారిని గాజనూరు ఇంటి నుంచి గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్ తీసుకెళ్ళాడు. నేనప్పుడు మల్లేశ్వరంలో అద్దెకుండేదాన్ని, పాల ప్యాకెట్‌కి వెళ్ళాలన్నా భయపడ్డాం. 108 రోజులు! అడవిలోంచి క్యాసెట్లు వచ్చేవి, బేరం మాట్లాడ్డానికి తమిళ పత్రిక ఎడిటర్ నక్కీరన్ గోపాల్ గారు లోపలికి వెళ్ళారంటే మళ్ళీ బయటికొచ్చేదాకా టీవీ ముందు నుంచి లేచేవాళ్ళం కాదు. అడిగింది కూడా కావేరి నీళ్ళు, ఇక్కడ తమిళ కవి తిరువళ్ళువర్ విగ్రహం ఆవిష్కరణ (అది 2009లో గానీ జరగలేదు, అల్సూరు చెరువు దగ్గరే ఉంది, వెళ్ళి చూడు), టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద లోపలున్న ఖైదీల విడుదల. ప్రభుత్వాలు ఖైదీల్ని వదలడానికి సిద్ధపడ్డాయి, ఇంక వచ్చేస్తారు అనుకున్నాం, అప్పుడు వీరప్పన్ ముఠా చేతిలో చనిపోయిన ఒక ఎస్సై తండ్రి సుప్రీం కోర్టుకెళ్ళి ఆ విడుదల ఆపించారు. కొడుకుని పోగొట్టుకున్న ఆయనదీ న్యాయమే, రాజ్‌కుమార్ గారి ఇంట్లోవాళ్ళ ఏడుపూ న్యాయమే. నీ కథలో ఆ మూడో మనిషి లేడు బాబూ. చివరికి నవంబర్ 15న వదిలారు.

వేళచ్చేరి_వాసు:
అక్క చెప్పింది కరెక్ట్. ఇంకోటి, మాట్లాడేవాడి చేతిలో ఏమీ ఉండదు బ్రో. 2011 ఫిబ్రవరిలో ఒడిశా మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని, ఆయనతో పాటు ఒక జూనియర్ ఇంజనీర్‌ని మావోయిస్టులు పట్టుకెళ్తే మధ్యవర్తిగా వెళ్ళింది మన ప్రొఫెసర్ హరగోపాల్ గారే కదా. అటు వాళ్ళు నమ్మాలి, ఇటు ప్రభుత్వం నమ్మాలి, ఎటు మాట జారినా ఒక ప్రాణం. ఒప్పందం కుదిరిందన్నాక కూడా ముందు ఇంజనీర్ వచ్చాడు, కలెక్టర్ మర్నాడు గానీ రాలేదు. ఆ ఒక్క రాత్రి రాయి చాలు.

రాత్రి_షిఫ్ట్:
ఫోన్ సీన్ మాత్రం తీసెయ్యకు. నిర్ణయం తీసుకునేవాణ్ణి ఫోన్ దగ్గర కూర్చోబెట్టరు, అందుకే "పైవాళ్ళని అడిగి చెప్తా" అన్న మాట అబద్ధం కాదు, దాంతోనే టైమ్ దొరుకుతుంది. డబ్బు మాట కంటే ముందు మనిషి బతికుందా అని తేల్చుకోవాలి, ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి అడిగిస్తారు, జవాబు వచ్చేదాకా ఆ తల్లి పరిస్థితి ఏంటో అక్కడ రాయి. అందరూ తిరిగొస్తారని కూడా అనుకోవద్దు, 2002 ఆగస్టులో మాజీ మంత్రి నాగప్ప గారిని అదే వీరప్పన్ తీసుకెళ్ళాడు, డిసెంబర్‌లో శవం దొరికింది.

మారతహళ్ళి_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అక్కా, వాసు అన్నా, అందరికీ. ఇప్పుడే మొదటి చాప్టర్ తీసి చూశా. క్యాబ్ డ్రైవర్‌ని తల పగలగొట్టి రోడ్డు మీద పడేశారని రాసి వదిలేశా, తర్వాత అతనేమయ్యాడో ఎక్కడా లేదు. కొట్టినవాడు కిడ్నాపర్ తమ్ముడు, దొరికిపోయాడు, వాణ్ణి వదిలితే అమ్మాయిని వదులుతానంటాడు. డ్రైవర్ భార్య స్టేషన్ మెట్ల మీద కూర్చుని వదలొద్దంటుంది. ఈ రాత్రికి అక్కణ్ణుంచి మొదలుపెడతా.