ప్లేస్కూల్లో నీళ్లాట: ఉండాలా, వద్దా?

బైరాగిపట్టెడ అమ్మ:
మా పాపకు మూడేళ్లు. వాళ్ల ప్లేస్కూల్లో వారానికి రెండు రోజులు తొట్టిలో నీళ్లు పోసి ఆడిస్తామంటున్నారు. కొంతమంది తల్లిదండ్రులు సరేనన్నారు. జలుబు చేస్తుందని, నీళ్లు వృథా అని కొందరు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

కొర్లగుంట తాతయ్య:
వద్దమ్మా. కళ్యాణి డ్యామ్‌లో నీళ్లు తగ్గితే కండలేరు జలాశయం నుంచి వచ్చేవాటి మీదే తిరుపతి ఆధారపడాలి. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఊరు మనది. ఇక్కడ బిడ్డలకు నీళ్లు పారబోయడం నేర్పిస్తారా? ఇసుకలో ఆడుకోమనండి.

టీచరక్క:
తాతయ్యా, కరువు మాట నిజమే. కానీ నీళ్లాటంటే స్విమ్మింగ్ పూల్ కాదు. నలుగురైదుగురు పిల్లలకు ఒక తొట్టి, రెండు బకెట్ల నీళ్లు చాలు. ఆట అయ్యాక అవి మొక్కలకే పోస్తాం.

మూడేళ్ల బిడ్డ చెంబుతో నీళ్లు ముంచి సీసాలో పోసేటప్పుడు గమనించండి. ఒక చెయ్యి సీసాను కదలకుండా పట్టుకోవాలి, రెండో చెయ్యి చెంబును మెల్లగా వంచాలి, చూపు ధార మీదే ఉండాలి. కొంచెం ఎక్కువ వంచితే నీళ్లు బయట పడతాయి, తప్పు ఎవరూ చెప్పక్కర్లేదు. స్పాంజి పిండితే వేళ్లకు బలం వస్తుంది. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సింది, గుండీలు పెట్టుకోవాల్సింది ఆ వేళ్లే. చిన్న బకెట్‌ను ఒలక్కుండా మోయాలంటే నడుము, కాళ్లు రెండూ అదుపులో ఉండాలి.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. బొమ్మను ఒక బిడ్డ వాటేసుకుని దాచుకోగలదు, తొట్టిలో నీళ్లను దాచుకోలేదు. అందుకే అక్కడ కొట్లాట తక్కువ. గరాటు మాత్రం కావాలనే ఒక్కటే పెడతాను. "నువ్వు పట్టుకో, నేను పోస్తా" అనే మాట అక్కడే పుడుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులో నీళ్లు ఎక్కువున్నాయా, వెడల్పు గిన్నెలోనా అని వాదించుకుంటారు కూడా. రెండింట్లో నీళ్లు సమానంగా ఉన్నా, ఏడేళ్లలోపు పిల్లల్లో చాలామంది పొడుగు గ్లాసులోనే ఎక్కువంటారని పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎప్పుడో గమనించాడు. చెప్పి ఒప్పించలేం, పోసి చూసుకోవాల్సిందే.

జలుబు వైరస్ వల్ల వస్తుంది, నీళ్ల వల్ల కాదు. అయితే చిన్న ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. ఎండ వచ్చాక ఇరవై నిమిషాలు ఆడించి, వెంటనే పొడి బట్టలు వేయాలి.

చిత్తూరు నాన్న:
మేడమ్, నా టెన్షన్ వేరే. రెండంగుళాల నీళ్లలో కూడా చిన్నపిల్లలు మునిగిపోతారు, చప్పుడు కూడా రాదు. బకెట్‌లోకి తలకిందులుగా పడితే మళ్లీ లేవలేరు. ఆ టైంలో టీచర్‌కు ఫోన్ వస్తే?

టీచరక్క:
అన్నా, ఈ విషయంలో మీతో వాదించను. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి ఉండాలి. ఫోన్ ఉండకూడదు, ఇంకో పనీ ఉండకూడదు. ఎవరైనా పిల్లను బాత్రూమ్‌కు తీసుకెళ్లాలంటే రెండో మనిషి కావాలి. ఆ ఇద్దరు లేని స్కూల్లో నీళ్లాట వద్దనే చెబుతాను. ఆట అవ్వగానే తొట్టి బోర్లించాలి. డెంగ్యూ దోమ ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది.

కొర్లగుంట తాతయ్య:
రెండు బకెట్లయితే సరే. ట్యాంకర్ నీళ్లు కొనే నెలల్లో మాత్రం నేను ఒప్పుకోను.

బైరాగిపట్టెడ అమ్మ:
తొట్టి దగ్గర నిలబడే ఆ ఇద్దరు ఎవరో సోమవారం స్కూల్లో అడుగుతాను. జవాబు సరిగ్గా వస్తేనే పాపను పంపుతాను.