పిల్లలకు సొంతంగా ఆలోచించడం నేర్పడానికి ఇంకో మనిషి కావాలా?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ:
మా అమ్మాయికి 21 ఏళ్ళు. బీటెక్ మూడో సంవత్సరం. రిటైరైన ఫిలాసఫీ లెక్చరర్ ఒకాయన దగ్గరికి ప్రతి ఆదివారం వెళ్తానంటోంది. ఆయన నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, పాఠమేమీ చెప్పకుండా, "నువ్వు అనుకుంటున్నది నిజమని నీకెలా తెలుసు?" లాంటి ప్రశ్నలు వేసి వాళ్ళ చేత మాట్లాడిస్తారట. నెలకి 2,000 ఫీజు. పెద్దవాళ్ళు ఇంట్లో చెప్పుకోవాల్సిన వాటికి బయటివాళ్ళెందుకని మావారు అంటున్నారు. నా భయం వేరు. ఈ వయసులో ఎవరి మాటలకో లొంగిపోతే? మీరేమంటారు?

కూకట్‌పల్లి నాన్న:
పంపకండమ్మా. జావాకి అమీర్‌పేట, గ్రూప్స్‌కి అశోక్‌నగర్, ఇప్పుడు ఆలోచనకి కూడా కోచింగా? తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారు మన మదనపల్లెలో పుట్టినవారే. ఆయన్నే జగద్గురువుగా నిలబెట్టడానికి ఒక పెద్ద సంస్థ పెడితే, 1929లో ఆయనే దాన్ని రద్దు చేశారు. సత్యానికి ఎవరూ దారి చూపించలేరన్నారు. సొంతంగా ఆలోచించమని ఇంకొకరు నేర్పితే అది సొంతం ఎలా అవుతుంది?

చిక్కడపల్లి రీడింగ్ రూమ్:
అన్నా, ఆ మాట అన్నాక కృష్ణమూర్తి గారు 1986లో పోయేదాకా దేశదేశాలు తిరిగి జనంతో మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన పెట్టిన రిషి వ్యాలీ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఆయన వద్దన్నది పీఠాన్ని. పక్కన కూర్చుని కలిసి విచారించడాన్ని ఎప్పుడూ వద్దనలేదు.

లైబ్రరీలో చదువుకునే మాకు ఇలాంటి ఒక సార్ ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మాలో నల్గొండ వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు ఏళ్ళ తరబడి గ్రూప్-2కి చదువుతున్నాడు. ఒకరోజు "ఇంకొక్క అటెంప్ట్ ఇస్తా సార్" అన్నాడు. ఇవ్వమనీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు సార్. "ఏం జరిగితే ఆపేస్తావో ఇప్పుడే కాగితం మీద రాయి" అన్నారు. వాడు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ముందు "చెల్లి పెళ్ళి కుదిరితే" అని రాశాడు. "ఇది నీ కారణమా, మీ ఇంటి కారణమా?" అని అడిగితే కొట్టేశాడు. రెండోసారి రాసింది ఇదీ: "ఊళ్ళో అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో దొరికిన రోజు." అది పైకి చదివి, తనే ఆశ్చర్యపోయి చూశాడు. ఇప్పటికీ చదువుతున్నాడు, మానలేదు. కానీ ఉద్యోగం కోసం ఎంత చదువుతున్నాడో, ఊరికి మొహం చూపించలేక ఎంత చదువుతున్నాడో ఇప్పుడు వాడికి తెలుసు. ఇంట్లో వాళ్ళు ఈ ప్రశ్న అడగలేరు. ప్రేమ లేక కాదు, ఆ జవాబు వాళ్ళకీ తగులుతుంది కాబట్టి.

ఓయూ ఎంఏ ఫిలాసఫీ:
సొంతంగా ఆలోచించడమంటే ఒంటరిగా ఆలోచించడమని ఎందుకనుకుంటున్నాం? గౌతముడి (బుద్ధుడు కాదు, తర్కశాస్త్రం రాసిన ముని) న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది కొట్టెయ్యడమే పనిగా పెట్టుకునేది వితండం. ఎదుటి మనిషి లేకుండా వాదం కుదరదు. అవతలి పక్షాన్ని, అంటే పూర్వపక్షాన్ని, సరిగ్గా చెప్పగలిగాకే దానికి జవాబు చెప్పాలన్నది మన పాత పద్ధతి. ఇది అలవాటు కావాలంటే ఎవరో ఒకరు కూర్చోబెట్టి చేయించాలి.

జర్మనీలో గెర్డ్ ఆఖెన్‌బాఖ్ అనే ఫిలాసఫర్ 1981లోనే, ఇలా ఫిలాసఫీతో మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించడాన్ని ఒక వృత్తిగా మొదలుపెట్టారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మన దగ్గర దీనికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏమీ లేవు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. పైగా ఇది వైద్యం కాదు. పిల్ల నిద్రపోవడం లేదన్నా, బతకాలని లేదన్నా ఈ క్లాసు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

కూకట్‌పల్లి నాన్న:
ఒప్పుకోను. పాత గ్రీసులో ఇలాగే ప్రశ్నలు వేసి ఆలోచింపజేసిన సోక్రటీస్ చుట్టూ తిరిగిన కుర్రాళ్ళలో క్రిటియాస్ ఒకడు. క్రీ.పూ. 404లో ఏథెన్స్‌ని ఏలిన ముప్ఫైమంది నియంతలకు నాయకుడై సొంత ఊరివాళ్ళనే చంపించాడు. ప్రశ్నించడం నేర్పినంత మాత్రాన మంచితనం వస్తుందా?

చిక్కడపల్లి రీడింగ్ రూమ్:
రాదన్నా, గ్యారంటీ లేదు. గొప్ప తత్వవేత్త ప్లేటో కూడా సోక్రటీస్ చుట్టూ తిరిగినవాడే అని చెప్పొచ్చు గానీ దానితో మీ ప్రశ్న తీరదు. అందుకే ఆ పెద్దమనిషి ఎలాంటివాడన్నది ముఖ్యం. నేను చూసేది ఒక్కటే: పిల్ల తీసుకునే నిర్ణయంలో ఆయనకి లాభం ఉందా? కాలేజీ సీట్లు అమ్మేవాళ్ళతో, ఏదైనా సంఘంతో, పార్టీతో, ఆశ్రమంతో సంబంధం ఉంటే వద్దు.

అమ్మా, ఇంకో మాట. ఫీజు మీరు కట్టకండి. మీరు కడితే రెండో నెలలో "సార్, దాన్ని ఎంఎస్‌కి ఒప్పించండి" అని ఫోన్ చేస్తారు. తప్పు పట్టడం లేదు, ఏ తల్లైనా చేస్తుంది. కానీ ఆ రోజు నుంచి ఆయన మీ మనిషి అయిపోతారు. అమ్మాయి ఇక నోరు విప్పదు.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ:
ఎంఎస్ మాట ఎలా కనిపెట్టారో గానీ, ఇంట్లో గొడవ దాని గురించే. మరి అక్కడ ఏం మాట్లాడిందో నాకు తెలియక్కర్లేదా?

చిక్కడపల్లి రీడింగ్ రూమ్:
ఎక్కడ కూర్చుంటారో, ఇంకా ఎవరుంటారో, తలుపు తీసి ఉంటుందో లేదో తప్పకుండా తెలియాలి. ఏం మాట్లాడిందో అమ్మాయి చెప్తేనే వినండి.

కూకట్‌పల్లి నాన్న:
సరే, పంపాలనే ఉంటే ఒకటి చెయ్యండమ్మా. పాత పిల్లలతో మాట్లాడండి. ఆయన మాటను ఎవరైనా కాదన్నారా, అన్నాక ఏమైందో కనుక్కోండి. ఒక్కరూ కాదనలేదంటే అది గురుపీఠమే, నా మాట మారదు.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ:
అడుగుతానండీ. ఫీజు తన ట్యూషన్ డబ్బుల్లోంచి కట్టుకుంటానని ఇందాకే అంది. మావారు ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఆదివారం ఇద్దరం వెళ్ళి ఆయన్ని చూసొస్తాం.