‘అనినొత్తురు’ ఎక్కడ విరవాలి?

ఉక్కునగరం: ‘కర్ణులు పదివేవురైన ననినొత్తురు చత్తురు’. ఇందులో ‘అనినొత్తురు’ని ఎలా విడగొడతారు? ఇంట్లో అణుబాంబుల మీద వాదన. ‘ముందుగా మేం వాడం’ అనడం చేతగానితనమన్నాడు మా బావమరిది. నేను ‘అలుగుటయే యెరుంగని’ ఎత్తుకున్నాను. కోపమే ఎరగని ధర్మరాజు అలిగితే సముద్రాలన్నీ ఏకమవుతాయని రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి హెచ్చరించే పద్యం. 2003 జనవరి 4 నాటి మన ప్రకటన కూడా ఇదే కదా: ముందు ప్రయోగించం, మన మీద ప్రయోగిస్తే మాత్రం ప్రతిదాడి భారీగా ఉంటుంది. మా వాడు పైన రాసిన ఆ మూడో పాదానికి అర్థం అడిగాడు. దొరికిపోయాను.

తెనాలి: అనిన్ + ఒత్తురు. యుద్ధంలో పైకి ఒత్తుకొస్తారు, చస్తారు.

ఛందోబద్ధుడు: ఒత్తు అయితే ‘ఒత్తుదురు’ కావాలిగా? ఇది నొచ్చు, అంటే నొప్పి పడు, దెబ్బతిను. చచ్చు-చత్తురు, నొచ్చు-నొత్తురు. జంట ఎంత చక్కగా కుదిరిందో చూడండి. యతి కూడా ‘ర్ణు’కి ‘నొ’.

తెనాలి: ఆ యతి ఎలా విరిచినా సరిపోతుంది మాస్టారూ. అది సాక్ష్యం కాదు.

పద్యపిచ్చి: తేడా చిన్నది కాదండీ. ‘ఒత్తురు’ అయితే మీదికి వచ్చింది కర్ణుడే, అంటే మీ 2003 మాట. ‘నొత్తురు’ అయితే మొదటి దెబ్బ ఎవరిదో పద్యం చెప్పదు. 2019 ఆగస్టు 16న పోఖ్రాన్‌లో రాజ్‌నాథ్ సింగ్ ‘ఇప్పటిదాకా అదే విధానం, ఇకపై ఏమిటన్నది పరిస్థితులను బట్టి’ అన్నారే, ఆ తరహా.

ఉక్కునగరం: నేను అర్థం అడిగానండీ, విధానం కాదు!

పద్యపిచ్చి: ఉండండి, అసలు కీలకం నాలుగో పాదం. ‘నా పలుకులు విశ్వసింపుము’. బెదిరింపు పనిచేయాలంటే అవతలివాడు నమ్మాలి. పాకిస్తాన్ ముందుగా వాడం అన్న మాటే ఇవ్వలేదు. పైగా 60-70 కిలోమీటర్లు పోయే నస్ర్ క్షిపణి పెట్టుకుంది, మన ట్యాంకులు సరిహద్దు దాటితే వాటి మీద చిన్న అణుబాంబు వేయడానికి. అంతమాత్రానికి సాగరాలన్నీ ఏకం చేస్తామంటే రాజరాజు, అదే దుర్యోధనుడు, నమ్ముతాడా? కృష్ణుడంతటివాడు చెప్పినా నమ్మలేదు.

గరికపోచ: తిక్కన గారి పద్యం భలే గుర్తు చేశారు.

ఛందోబద్ధుడు: తిక్కనది కాదు, తిరుపతి వెంకట కవులది. పాండవోద్యోగం. తిక్కన అయితే ఇన్ని సముద్రాలు కలపడు, ఒక్క మాటతో వణికిస్తాడు.

తెనాలి: తిక్కన పద్యానికి స్టేజీ మీద వన్స్‌మోర్ పడిందా ఎప్పుడైనా? పీసపాటి వారు, షణ్ముఖి వారు లాంటి నటులు జనం నోట నిలబెట్టింది ఈ జంటకవుల పద్యాలనే.

గరికపోచ: నాకు తెలిసిన నాటకాల్లో ‘సాగరములన్నియు’ దగ్గరే రాగం మొదలు. మూడో పాదం ఈలల్లో కొట్టుకుపోయేది. అందుకే ఎవరికీ అర్థం తెలీదు.

పద్యపిచ్చి: ‘జెండాపై కపిరాజు’ ఇంతకన్నా గట్టి బెదిరింపు. యుద్ధం మొదలయ్యాక సంధి చేయడానికి ఎవరూ రారంటాడు. మనవాళ్లు నయం. 1988 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న రెండు దేశాలూ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, ఎంత చెడినా.

ఉక్కునగరం: మరి ‘అనినొత్తురు’?

ఛందోబద్ధుడు: నొత్తురే. అంత లాలిత్యం ఆ జంటలో చెళ్లపిళ్ల వారికే సాధ్యం.

తెనాలి: ఆ పాదం దివాకర్ల వారిది కాదని మీకెవరు చెప్పారు?